రేసు ఉన్న ఆదివారాలు

డిసెంబర్ 12, 2021. ఆదివారం, రాత్రి

అబుదాబి ఎఫ్1ల మాక్స్ గెలిచిండు. ఆఖరి లాప్‌ల. ఇంక నిద్రెక్కడిది.

ఫిట్టరన్న క్వార్టర్ల చూసినం. 369.5, 369.5. మాక్స్‌కు, హామిల్టన్‌కు అవే పాయింట్లు, మిగిలింది ఒక్క రేసు. అసొంటిది మళ్ల చూస్తమా? 53వ లాప్‌ల లతీఫీ పోయి గోడకు కొట్టిండు. సేఫ్టీ కారొచ్చింది. ఇంకేమున్నది, దాని ఎనుకనే ముగిస్తరు, హామిల్టన్‌కు ఎనిమిదో చాంపియన్‌షిప్ అని బామ్మర్ది లేచి నిలబడ్డడు. అంతల ఇద్దరి నడుమ ఉన్న ఐదు కార్లను ముందుకు పంపిచ్చిండ్రు. ఒక్క లాపు. మాక్స్ కింద కొత్త సాఫ్ట్ టైర్లు. ఐదో మలుపుల దూరిండు, అంతే.

నేనూ ఫిట్టరన్నా ఒర్లిన ఒర్లుడుకు పక్క క్వార్టరోళ్లు తలుపు తీసి చూసిండ్రు.

బామ్మర్ది తినకుంటనే శ్రీరాంపూర్ పోయిండు. వాని కోసం వండిన చికెన్ అట్లనే ఉన్నది. ఫోన్ ఎత్తుతలేడు.


డిసెంబర్ 13. సోమవారం

ఫస్ట్ షిఫ్ట్. మస్టర్ కాడ ఈ ముచ్చట ఇనేటోడే లేడు. క్రికెటైతే పది మంది మూగుదురు. ఎవనికి చెప్పాలె?

హామిల్టన్ టీం మెర్సిడెస్ పెట్టిన ప్రొటెస్టులు రాత్రికి రాత్రే కొట్టేసిండ్రు. బామ్మర్ది ఇంతంత మెసేజ్ పెట్టిండు. వెనుకబడ్డ కార్లను పంపితే అన్నిటిని పంపాలె, లేకపోతే ఒక్కదాన్ని సుత పంపొద్దు, రూల్ గట్లున్నది, ఆ ఐదింటినే ఎట్ల పంపుతరు అని. రేసన్నంక రేసు లెక్కనే ముగియాలెరా అని పెట్టిన.

దానికి వాడు: మీ బాయిల సుత గిట్లనే చేస్తరా బావా?

మళ్ల జవాబియ్యలే.


ఫిబ్రవరి 17, 2022. గురువారం

ఇయ్యాల సమ్మక్క గద్దెకొచ్చే రోజు. మేడారం పోలేక గోదావరి ఒడ్డున జాతరకే పోయినం. చిన్నోన్ని బెల్లంతోని తూచినం. ఇంటామె మొక్కు.

లైన్ల నిలబడ్డప్పుడు ఫోన్ల చూసిన. రేస్ డైరెక్టర్ మాసీని తీసేసిండ్రు. ఇంక ఇద్దరు రేస్ డైరెక్టర్లట, వంతులేసుకొని. దూరం కెళ్లి కంప్యూటర్ల మీద చూసి సాయం చేసెటందుకు ఇంకో గది. టీముల పెద్దమనుషులు రేసు నడుస్తుంటే డైరెక్టర్‌తోని నేరుగా మాట్లాడుడు బంద్.

ఇది మంచిగనిపిచ్చింది. అబుదాబి రాత్రి ఒకాయన సేఫ్టీ కారు పెట్టకని చెవుల పోరు. ఇంకొకాయన అడ్డమున్న కార్లను తియ్యి, మాకొక్క లాపు చాలని. అన్నేండ్లు ఫోన్‌ల గట్ల అడగనిచ్చుడేంది? అడుగుతుంటే ఎత్తకుంట ఉండే సౌలత్ మాసీకున్నదా?

ఒక్కన్ని తీసేస్తే కథ ఒడిసినట్టేనా. బామ్మర్దికైతే ఒడిసింది. జై సమ్మక్క అని పెట్టిండు.


మార్చి 7. సోమవారం

సెకండ్ షిఫ్ట్. ల్యాంప్ రూం కాడ తెలిసింది. అడ్రియాల లాంగ్‌వాల్‌ల బండ కూలింది. లోపల మనుషులున్నరు. ఎందరన్నది ఒక్కో నోట ఒక్కో లెక్క.

మేం దిగినం. దిగకుంటె ఎట్ల.

రాత్రి ఇంటికి రాంగనే బాపు గేటు కాడ కుర్చేసుకొని కూసున్నడు. ఏం అడగలే. నేను బూట్లిప్పినంక లోపలికి పోయిండు.


మార్చి 10. గురువారం

ముగ్గురు లేరు. అండ్ల ఒకాయన ఏరియా రక్షణ అధికారి.

ఏ సర్క్యులర్ చదివినా, ఏ మీటింగుల కూసున్నా, రక్షణ ముందు, బొగ్గు ఎనుక అని చెప్పే కుర్చీ అది.

బహ్రెయిన్ల కొత్త కార్ల టెస్టింగ్ నడుస్తున్నదట. ఫిట్టరన్న టీవీ పెట్టలే, నేనడగలే.


మార్చి 20. ఆదివారం

హోళీ రంగు ఇంక చెవుల పోలే, ఫిట్టరన్న మళ్ల రంగు పూసిండు. ఎర్రరంగు. ఫెరారీ ఒకటి, రెండు. లెక్లేర్, సాయింజ్. 2019 సింగపూర్ తర్వాత ఇదే గెలుపు. మాక్స్‌ది సుత, రెండు రెడ్‌బుల్‌లూ ఆఖరుల ఆగిపోయినయి. నా మొఖం చూసి అన్నకూ బామ్మర్దికీ నవ్వే నవ్వు.

నిన్న అబుదాబి మీద ఎఫ్ఐఏ రిపోర్టొచ్చింది. మనిషి పొరపాటట. డైరెక్టర్ మంచి మనసుతోనే చేసిండట. ఏ కారు లాప్ వెనుకబడ్డదో చేతితోని లెక్కవెట్టుకుంటున్నరట, ఇంక దానికి మిషన్ వెడతరట. ఫలితం మారది.

రెండు సార్లు చదివిన. ఎంక్వైరీ కాయితం ఏ దేశపుదైనా ఒకే చేతిరాత. మనిషి పొరపాటు. ఆ మనిషి నెత్తి మీద ఆ నిమిషంల ఎందరున్నరో ఎన్నో పేజీల రాస్తరు?


జూన్ 16. గురువారం

7 ఎల్‌ఈపీ బాయి. 2003ల ఇదే దినం. నీళ్లు. పదిహేడు మంది పోయిండ్రు.

బాపు ఈ దినం మందు ముట్టడు, మాట్లాడడు. అప్పుడాయన హాలేజ్ మీద క్లిప్‌మాన్, వేరే బాయి. ఆ పదిహేడు మందిల ఇద్దరితోని కలిసి బువ్వ తిన్నోడు. వాళ్ల పేర్లు ఇంట్ల ఎన్నడు చెప్పలే.

ఆదివారం బాకూల హామిల్టన్ కారు దిగలేకపోయిండు. నడుం పట్టుకొని, ముసలోని లెక్క. ఈ ఏటి కార్లు నేలకేసి దబదబ కొట్టుకుంటున్నయి. ఇయ్యాల ఎఫ్ఐఏ ఆర్డర్ ఇచ్చిందట, ఆ ఎగురుడు కొలుస్తం, హద్దు వెడతం, డ్రైవర్ల పానం ముఖ్యం అని. మా రెడ్‌బుల్ మంచిగ నడుస్తుంటే మెర్సిడెస్ కోసం రూల్ మారుస్తున్నరని నేను. కారు పైకి లేపుకుంటే నొప్పుండదు, జోరు తగ్గుతదని ఎవలూ లేపరు, గందుకే పైనోడు చెప్పాలె అని బామ్మర్ది.

వాడు డంపర్ తోల్తడు. నడుం సంగతి వానికే ఎరుక. ఇరవైతొమ్మిదేండ్లకే బెల్టు వెట్టుకుంటున్నడు.


జూలై 3. ఆదివారం

సిల్వర్‌స్టోన్. లైట్లారిన ఐదు సెకన్లకు జౌ గ్వాన్‌యూ కారు తలకిందులైంది. అట్లనే గీరుకుంట గీరుకుంట రాళ్లల్లకు, అండ్లకెళ్లి ఎగిరి టైర్ల గోడ మీదికెళ్లి, కంచెకూ గోడకూ నడుమ ఇరికింది. టీవీల చూపెడతలేరు. చూపెడతలేరంటెనే భయం.

చిన్నోడు: నాయినా, ఆయన తల ఎటుదిక్కున్నది?

రసెల్ తన కారిడిసి ఉరికిండు. దాంతోని ఆయన రేసు పోయింది. ఎర్రజెండ. గంట సేపు. మనిషి బతికే ఉన్నడు. తలకు కాపుండే పట్టీ, హాలో. పొద్దుగాల ఎఫ్2ల సుత ఒకని తల మీదికి కారెక్కితే హాలోనే ఆపింది.

2018ల అది కొత్తగ పెట్టినప్పుడు ఫిట్టరన్న హవాయి చెప్పు పట్టీ అని నవ్విండు. కారు అందం పోయింది, గిది రేసు కారా, ఆటోనా అని. ఇయ్యాల తల మీది రోల్ హూప్ విరిగింది, పట్టీ ఆగింది. మల్లా మల్లా రీప్లే వేస్తుంటే అన్న ఏమనకుంట బెల్లం చాయ్ తాగిండు.

సాయింజ్ మొదటిసారి గెలిచిండు. అది సుత అన్న గట్టిగ అనలే.


జూలై 10. ఆదివారం

వాన నిలుస్తలేదు. ఓపెన్‌కాస్టుల పని బంద్ అని బామ్మర్ది ఫోన్.

కరెంటొచ్చుడు పోవుడు, ఆ నడుమనే ఆస్ట్రియా. సాయింజ్ ఇంజన్ పేలి మంటలు. ఆగింది ఎత్తుమీద. బ్రేకిడిసి దిగబోతే కారు ఎనుకకు జారుతున్నది. మంటల మనిషి, జారే బండి. ఒక మార్షల్ చెక్క తెచ్చి చక్రం కింద పెట్టిండు. అది నిలువలే. ఇంకోటి.

బాపు ఎన్నడు రేసు చూడడు. ఇయ్యాల అటుకెళ్లి పోతూ నిలబడ్డడు.

"చక్రం తిరుగుతుంటే పెట్టద్దురా. పెట్టినంక చెయ్యి గుంజుకోవాలె."

తన కుడికాలు దిక్కు చూసుకోలే. నేనే చూసిన. ఆ కాలికి మూడు వేళ్లు లేవు. ఎన్నో నంబరు బాయో, ఎవరి తప్పో, గా ముచ్చట ఇంట్ల నడవది. అదే కాలు చూసి అన్‌ఫిట్ చేసిండ్రు, ఆ అన్‌ఫిట్ మీదనే నాకు నౌకరి.

లెక్లేర్ గెలిచిండని ఆఖర్ల తెలిసింది. కరెంటు లేదు.


జూలై 14. గురువారం

కడెం ప్రాజెక్టు తెగుతదంటున్నరు. ఐదు లక్షల క్యూసెక్కులు వస్తున్నదట, గేట్లన్ని కలిపి ఇడిసేది అంత లేదట. ఒక గేటు లేస్తలేదట. కింది ఊర్లు ఖాళీ చేపిస్తున్నరు.

మంచిర్యాల ఎన్టీఆర్ నగర్ల నడుముల దాక నీళ్లు. బామ్మర్ది కిరాయిల్లు అండ్లనే. రాత్రి మా చెల్లెను, ఇద్దరు పోరగాండ్లను తీసుకొని మనింటికొచ్చిండు. ఒక సంచి, ఒక మిక్సీ. ఆధార్ కార్డులు ఒళ్లో పెట్టుకున్నడు.

మా ముగ్గురి గ్రూపుల ఇయ్యాల ఫిట్టరన్న ఒక్కటే మెసేజ్: అందరు పైనున్నరా?


జూలై 15. శుక్రవారం

కడెం ఆగింది. ఎట్ల ఆగిందో చెప్పేటోడు లేడు. దేవుడంటున్నరు అందరు.


జూలై 24. ఆదివారం

ఫ్రాన్స్. ముందున్న లెక్లేర్ తనంతల తనే తిరిగి టైర్లకు కొట్టిండు. రేడియోల ఒర్లిండు, ఫిట్టరన్న ఇంకా ఎక్కువ ఒర్లిండు. డ్రైవర్ తప్పా, యాక్సిలరేటర్ తప్పా అని అన్నా బామ్మర్దీ పదిన్నర దాక కొట్లాట. బామ్మర్ది ఎందుకు ఫెరారీ దిక్కు మాట్లాడుతున్నడో నాకర్థం గాలే. హామిల్టన్ రెండోది వచ్చిండు, ఆ సంతోషమైతది.

బామ్మర్దోళ్ల ఇల్లు కడిగినంక గోడకు బురద గీత నా ఛాతి ఎత్తున ఉన్నది. సున్నమేసినా కనవడుతదంటున్నడు ఓనరు.


అక్టోబర్ 9. ఆదివారం

దసరా లాభాల వాటా వచ్చింది, పోయింది. కొత్త టీవీ తేలే. ఇంటామె చెవులకు.

పొద్దుగాల పదిన్నరకు సుజుకా. కుండపోత. మొదటి లాప్‌లనే సాయింజ్ పోయి కొట్టిండు. ముందటి కారు లేపిన నీళ్ల తుంపరల ఏం కనవడతలేదు, గాస్లీ ఎనుకకెళ్లి వస్తున్నడు, ట్రాక్ మీద ట్రాక్టర్. మనుషులు సుత. పక్కకెళ్లి పోయిండు. రెండు మీటర్లు ఇటైతే?

2014. ఇదే సుజుకా, ఇదే వాన, కారును లేపుతున్న ట్రాక్టర్, జూల్స్ బియాంకి. తొమ్మిది నెలలు కోమాల ఉండి పోయిండు. ఆ తర్వాతే కదా వర్చువల్ సేఫ్టీ కారు తెచ్చింది. అయినా మళ్ల ట్రాక్ మీదికి ట్రాక్టరెట్ల పోయింది? బియాంకి తండ్రికి కోపమొచ్చిందట. రాదా?

గాస్లీకి శిక్ష వేసిండ్రు. ఎర్రజెండ కింద జోరుగ పోయినందుకు 20 సెకన్లు. అది రూలే. వెయ్యాలె. ట్రాక్టర్‌ను పంపినోల్లకు ఎన్ని సెకన్లు?

28 లాపులకే ముగిసింది. పాయింట్లు సగమో పూర్తో ఎవలకు తెల్వది. మాక్స్‌కే తెల్వది. నువ్వు చాంపియన్‌వయినవని మైకు పట్టుకొని చెప్తే అట్లనే చూసుకుంట నిలబడ్డడు.

పోయినేడు పక్కింటోళ్లను లేపిన నేను ఇయ్యాల టీవీ బంద్ చేసి మటన్ తేనీకె పోయిన.


అక్టోబర్ 29. శనివారం

రెడ్‌బుల్ పోయినేడు హద్దు దాటి ఖర్చు వెట్టిందని తేలింది. 70 లక్షల డాలర్ల జరిమానా, గాలి టన్నెల్ టైములో పదో వంతు కోత.

బామ్మర్ది ఫోన్ చేసి నవ్వుతడని చూసిన. చెయ్యలే. చేసినా బాగుండు.


నవంబర్ 13. ఆదివారం

నిన్న ప్రధాని ఎరువుల ఫ్యాక్టరీకి వచ్చిండని రామగుండం రోడ్లన్ని బంద్. డ్యూటీకి సుట్టు తిరిగి పోయిన.

బ్రెజిల్. జతగాడు పెరెజ్‌కు ఆ ఒక్క జాగ ఇడిసిపెట్టమని మాక్స్‌కు చెప్పిండ్రు. ఆరో స్థానం. చాంపియన్ అయిపోయినోనికి అదెందుకు? మాక్స్ ఇయ్యలే. ఎందుకియ్యనో మీకు తెలుసు, మళ్ల అడగకుండ్రి అన్నడు. రసెల్ మొదటిసారి గెలిచిండు, ఆ ముచ్చటే మూల పడ్డది.

ఫిట్టరన్న: గట్లుంటేనే చాంపియన్. కనికరముంటే ఆరోదే వస్తది.

ఏమో. పెరెజ్ పోయినేడు అబుదాబిల హామిల్టన్‌ను ఎన్ని మలుపులాపిండు వీని కోసం. జతగాడు జతగాడే కదా.


నవంబర్ 20. ఆదివారం

ఫిట్టరన్న అల్లుడు హైదరాబాదుకెళ్లి వచ్చిండు. హుస్సేన్‌సాగర్ కాడ ఇండియన్ రేసింగ్ లీగ్. కార్లు తిరిగినయట, యాక్సిడెంటయిందట, రేసు మాత్రం కాలేదట. టికెట్ పైసలు దండుగ అని తిట్టుడే తిట్టుడు.

ఆపినోడెవడో వాడు సుత ఇవే తిట్లు తింటుండొచ్చు.

వెట్టెల్ రిటైరయిండు. గ్రేటర్ నోయిడాల మూడేండ్లు మూడు సార్లు గెలిచినోడు. 2013ల గెలిచినంక ట్రాక్ మీద గిరగిర తిప్పిండని టీముకు ఫైన్ సుత వేసిండ్రు. మన దేశంల ఆఖరి ఎఫ్1 అదే. తొమ్మిదేండ్లు.


నవంబర్ 23. బుధవారం

సెకండ్ షిఫ్ట్. కిందికి దిగినంక జంక్షన్ కాడ కర్రతోని కొట్టి చూసిన, ఎడమచేతి వేళ్లు బండకానిచ్చి. కంగుమనలే. జర పక్కకు కొట్టిన. డొల్ల. వేళ్లకు సన్నగ అదురు. నేల మీద పెళ్లలు, గోరంతవి, చేతిలకు తీసుకుంటే పొడి. ఫస్ట్ షిఫ్ట్ సర్దార్‌ను అడిగిన. తన టైముల అవి లేవన్నడు.

మనుషులను ఎనుకకు తీసిన. ఫెన్స్ కట్టిన. మిషన్ ఆగింది, బెల్టు ఆగింది.

జర సేపటికే ఫోన్ మోగింది. ఎందుకాపినవ్? చెప్పిన. రెండు ప్రాపులు కొట్టి నడిపియ్యరాదా? బోల్టులు రేపు కొడ్తరు. ఈ ఒక్క షిఫ్ట్. మాకు ఒక్క షిఫ్ట్ చాలు.

ఎవరన్నరో ఇండ్ల రాయ.

నడిపియ్య అన్న. ఎంత గట్టిగన్ననో నాకే తెల్వది, ట్రామర్లు నా దిక్కు చూసిండ్రు. చూసింది చూసినట్టు రిపోర్ట్ బుక్కుల ఎక్కిచ్చిన.

చేతులు రాత్రి దాక ఆగలే.


నవంబర్ 24. గురువారం

పడలే.


నవంబర్ 26. శనివారం

పడలే. మస్టర్ కాడ ఒకడు రెడ్ ఫ్లాగ్ సర్దార్ అని పిలిచిండు. పేరు పెట్టింది ఫిట్టరన్ననే అయ్యుంటడు. ఆయన నోరు ఆగది.

నవ్విన. నవ్వకపోతే ఇంకా పిలుస్తరు.


నవంబర్ 27. ఆదివారం

రేసుల్లేవు, సీజన్ ఒడిసింది. బాపుకు ఎవరో చెప్పిండ్రు. అన్నం కాడ అడిగిండు.

"బుక్కుల రాసినవా?"

"రాసిన."

"టైము సుత?"

"టైము సుత."

ఇంకింత పప్పేసుకున్నడు.


నవంబర్ 30. బుధవారం

బోల్టులు కొట్టిండ్రు, చెక్కలు పేర్చి చాక్ పెట్టిండ్రు. పని మొదలైంది. బొగ్గొస్తున్నది.

అది పడకుంటే నాది తప్పయితదా? మరి పడితే మంచిగుండెనా? అంతమందిల ఎవనికన్న తాకి ఉంటే అప్పుడు నేను కరెక్టు. ఇదేం లెక్క. జౌ కారు తలకిందులైతే హాలో పనికొచ్చిందని లోకమంత చూసింది. పడని బండకు రీప్లే ఉండది.

ఓవర్‌మాన్ పరీక్ష పుస్తకం తీసిన. రెండు పేజీలు చదివి పండుకున్న.


ఫిబ్రవరి 11, 2023. శనివారం, రాత్రి, రైల్ల

హైదరాబాద్ పోయి కరెంటు కార్ల రేసు చూసినం. ముగ్గురం. చిన్నోనితోని నలుగురం. అగ్గువ టికెట్. కొత్త సెక్రటేరియట్ పక్కపొంటి, ఎన్టీఆర్ గార్డెన్ ముంగట, నేను అశోక్‌నగర్ల కోచింగు తీసుకున్నప్పుడు నడిచిన రోడ్డే. 2.8 కిలోమీటర్లు, 18 మలుపులు. నిన్న ప్రాక్టీసుకు ముందు జనం బండ్లు ట్రాక్ మీదికొచ్చినయట. మనోళ్లు.

చప్పుడు లేదు. ఫిట్టరన్నకు అదే బాధ. ఇంజన్ లేని రేసేందిరా, కరెంటు మోటరు కూతలెక్క. కని ముంగటికెళ్లి పోతుంటే గాలి మొఖానికి కొడ్తది. టీవీల ఆ జోరు తెల్వది.

మా ముంగటి పోస్టు కాడ మార్షల్, పోరడు, ఇరవై ఉంటయేమో. అందరు ఫోన్లెత్తి దాటే కారును తీస్తున్నరు. వాడు దాటిన కారును చూస్తలేడు. ముందటి మలుపు దిక్కే చూస్తున్నడు, చేతిల పచ్చజెండ చుట్టి పట్టుకొని. ఎండల. రేసు ఒడిసేదాక నేను వాన్నే ఎక్కువ చూసిన.

హెయిర్‌పిన్ కాడ బర్డ్ తన జతగాడు ఎవాన్స్‌నే గుద్దిండు. రెండు జాగ్వార్‌లూ ఒకటే దెబ్బకు. పోల్ మీద లేచినోడు ఎవాన్స్. పెద్ద తెర మీద చూసినం. బ్రేకు ఆలస్యంగ కొట్టిండు, ఆగలే. బామ్మర్ది: గీ రోడ్ల మీద దూరుడెందుకు? అన్న: దూరకుంటే రేసెందుకు?

వెర్న్ గెలిచిండు. ఆఖరి లాపులల్ల బ్యాటరీ అడుక్కు పోయింది, కాసిడీ ఎనుకనే ఉన్నడు, అయినా దూరనియ్యలే. మూడోది వచ్చిన బుయెమీని ఎక్కువ కరెంటు వాడిండని ఎనుకకు నెట్టిండ్రు. డా కోస్టాకు ఇచ్చిండ్రు. ఎక్కువ కరెంటు వాడితే శిక్షనా, మరి మా కాలనీల సగం మంది లోపలుండాలె అని అన్న.

చిన్నోడు నా ఒళ్లో పండుకున్నడు. పెద్దపల్లి దాటింది.


ఫిబ్రవరి 13. సోమవారం

ఆ జంక్షన్ కాడికెళ్లే పోయిన. చాక్ మీద కొత్త చెక్కకు సన్నని పగులు. బరువు ఎక్కుతున్నదన్నట్టు. కొలిచిన. రాసిన.


మార్చి 5. ఆదివారం

ఈ ఏడు ఎఫ్1 స్టార్ టీవీల లేదట. ఫోన్ల పైసలు కట్టి చూడాలె. ముగ్గురం కలిపి కట్టినం. పాస్‌వర్డ్ బామ్మర్ది కాడ. వాడు కావాల్ననే హామిల్టన్ పేరు వెట్టిండు, టైపు చేస్తున్నప్పుడల్ల నన్ను చూస్తడు.

బహ్రెయిన్, మాక్స్. మూడోది అలోన్సో, 41 ఏండ్లకు. ఈసారి నేను సుత ఎక్కువ అలోన్సోనే చూసిన.


ఏప్రిల్ 2. ఆదివారం

మెల్‌బోర్న్. పొద్దుగాల. ఫిట్టరన్న టీవీకి ఫోన్ కలిపిండు, ఆగుకుంట ఆగుకుంట వస్తున్నది.

మొదట్లనే ఆల్బన్ జారి గోడకు కొట్టిండు. రాళ్లు ట్రాక్ మీదికొచ్చినయి. సేఫ్టీ కారొచ్చింది. అప్పుడే రసెల్ టైర్లు మార్చుకున్నడు, దాని మీదికి ఎర్రజెండ. అప్పటిదాక మార్చుకోనోళ్లకు టైర్లు పుణ్యానికి మారినయి, రసెల్ మునిగిండు. ఆఖర్ల ఇంకో రెండు ఎర్రజెండలు. మళ్ల లేస్తే మళ్ల గుద్దుకున్నరు. మాక్స్ గెలిచిండు, హామిల్టన్ రెండు, అలోన్సో మూడు.

టీవీ బంద్ చేసినంక మొదలైంది. ఆఖరి రెండింటి మీద ముగ్గురం ఒకటే మాట, రెండు లాపుల కోసం మళ్ల నిలబెట్టి లేపుడు తమాషా కోసమే. కొట్లాట మొదటిదాని మీద. ఫిట్టరన్న మంచం మీద చెయ్యి కొట్టి కొట్టి చెప్తున్నడు, సేఫ్టీ కారు ఎనుక పోతుంటే ఊడ్సుకోవచ్చు, డ్రైవర్లే అంటున్నరు ఆపాల్సింది లేదని. బామ్మర్ది రూల్ నంబర్లు తీసిండు. నేను చాయ్ పోస్తున్న.

"నువ్వు జెప్పు. గింత గింత రాళ్లకే రేసాపుతరార?"

"రాళ్లకే అన్నా."

ఇద్దరు నా మీద వడ్డరు. సెకండ్ షిఫ్ట్‌కు టైమైందని లేచిన. బామ్మర్ది గేటు దాక వచ్చి ఇంకా అడుగుతనే ఉన్నడు.